ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వేసవి పుస్తకం ఎలా ఎంచి ఇవ్వాలి?

ఏప్రిల్ చివరికొచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఓ చాంతాడంత పట్టిక తిరుగుతుంది, పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాలంటూ. ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ పన్నెండేళ్ల పిల్లకు కావలసింది ఇవాళ అన్నం తిన్నాక ఫ్యాను కింద పడుకుని పట్టుకునే ఒక్క పుస్తకం. ఆ ఒక్కటీ కుదిరితే రెండోది తనే అడుగుతుంది.

1. ముందు ఒక పేజీ చదివించండి

ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, అచ్చులో ఒత్తులు కనపడగానే ఆగిపోతారు. అందుకని వయసొక్కటే చూసి పుస్తకం ఇస్తే దెబ్బతింటాం. "కళ్లజోడు ఎక్కడ పెట్టానో, ఈ పేజీ కాస్త చదివి పెట్టమ్మా" అని అడగండి. తడబడిన మాటకో వేలు ముడుస్తూ వినండి. పేజీ అయ్యేలోపే అయిదు వేళ్లూ ముడుచుకుపోతే ఆ పుస్తకం తర్వాత చూద్దాం.

అలాగని ఏడో తరగతి కుర్రాడికి కుందేలూ తాబేలూ ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. పై స్థాయి కథలు నాలుగు చదివితే నోరు తిరుగుతుంది.

2. ఇష్టాయిష్టాలు చుట్టుతిరిగి కనుక్కోండి

"నీకెలాంటి పుస్తకాలిష్టం?" అంటే "ఏమో" అంటారు. ఏ సినిమా రెండోసారి చూశారు, ఫోన్‌లో ఏ వీడియోల దగ్గర ఆగుతారు, ఏ టీచర్ని అనుకరించి నవ్విస్తారు, ఇవి అడగండి. సగం పని అక్కడే అయిపోతుంది.

3. పిల్లను చూసి పుస్తకం తీయండి

మాయలు, మాంత్రికులు, యుద్ధాలంటే పడిచచ్చేవాళ్లకు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ ఉన్నాయి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు. పుస్తకాలుగానూ వచ్చాయి. ప్రతి భాగమూ సరిగ్గా ప్రాణాల మీదికొచ్చిన చోట ఆగుతుంది. వెబ్ సిరీస్‌కు అలవాటుపడిన పిల్లలకు ఆ ఆగడం కొత్తేమీ కాదు.

సాహసాలు కావాలంటే నండూరి రామమోహనరావు తెలుగు చేసిన కాంచనద్వీపం, టామ్ సాయర్. అనువాదమని గుర్తుకు రానంత హాయిగా ఉంటుంది ఆ తెలుగు.

బడి అంటే గిట్టని పిల్లకు నేను ఆలోచించకుండా చేతిలో పెట్టేది రైలుబడి. జపాన్‌లో తెత్సుకో కురోయనాగి తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం. చిన్నప్పటి తెత్సుకోయే తొత్తోచాన్. ఆ పిల్ల క్లాసులో డెస్కు మూత వందసార్లు తెరిచి మూస్తుంది, కిటికీలోంచి వీధి వాద్యగాళ్లను పిలుస్తుంది, బడివాళ్లు ఇక మావల్ల కాదంటారు. కొత్త బడిలో పాత రైలు పెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు కొబాయాషి ఆ పిల్లను కూర్చోబెట్టి "నీ గురించి చెప్పు" అని నాలుగు గంటలు వింటాడు. అధ్యాయాలు రెండు మూడు పేజీలే కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లకూ భయం ఉండదు.

నవ్వు కావాలంటే బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924 నాటి రచన. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయలుదేరి, దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. భాష కొంచెం పాతది, ఎనిమిదో తరగతికి సరిపోతుంది. మొదటి పది పేజీలూ మీరు చదివి వినిపిస్తే మిగతాది వాళ్లే లాక్కుంటారు.

బుడుగు సంగతి వేరు. పిల్లల పుస్తకమని అందరూ కొనిస్తారు గానీ, ముళ్లపూడి చమత్కారం సగం పెద్దవాళ్ల కోసమే. పిల్లవాడు ఒంటరిగా చదివితే "ఇందులో ఏముంది?" అంటాడు. రాత్రి డాబా మీద పక్కలేసుకుని ఎవరో ఒకరు గట్టిగా చదవాలి. అప్పుడు చూడండి బుడుగు నేస్తం సీగానపెసూనాంబ ఎంత అల్లరి చేస్తుందో.

కథలు వద్దు, నిజాలు కావాలనే పిల్లలూ ఉంటారు. వాళ్లను నవలల్లోకి ఈడ్వకండి. మహీధర నళినీమోహన్ పిడుగు దేవర కథ ఇవ్వండి, పేరులో కథ ఉన్నా అది సైన్సు పుస్తకమే.

ఇంకోమాట. గొప్ప పుస్తకాలన్నీ ఇప్పుడే అక్కర్లేదు. అలెక్స్ హేలీ ఇంగ్లిష్ నవల రూట్స్‌కు సహవాసి అనువాదం ఏడు తరాలు అద్భుతమే, కానీ బానిసల మీద జరిగిన హింస అందులో దాపరికం లేకుండా ఉంటుంది. తొమ్మిదో పదో దాకా ఆగొచ్చు. శంకరమంచి సత్యం అమరావతి కథలు నూరూ చిన్నవే, అయినా అన్నీ పిల్లలవి కావు. ముందు మీరు చదివి ఓ పది ఏరి, ఆ పేజీల్లో చీటీలు పెట్టి ఇవ్వండి.

4. డబ్బు పెట్టేముందు లైబ్రరీకి వెళ్లండి

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలవుతూనే ఉంది. మరి శాఖా గ్రంథాలయం మెట్లెక్కడానికి మొహమాటం దేనికి? పిల్లలను వెంట తీసుకెళ్లి బీరువా ముందు వదిలేయండి. కొనాలనుకుంటే హైదరాబాద్ మంచి పుస్తకం ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు కొత్తపల్లి పిల్లల పత్రికను ఇంటర్నెట్‌లో చదివించవచ్చు.

5. ఇచ్చాక ఊరుకోండి

కష్టమైనది ఇదే. "ఎన్ని పేజీలయ్యాయి?", "నీతి ఏమిటి?", "సారాంశం రాసి చూపించు": ఈ మూడూ వద్దు. అడగాలనిపిస్తే "ఆ టోపీ కొన్నాడా ఇంకా?" అని కథలోంచే అడగండి. అంటే మీరూ చదివుండాలి, తప్పదు. ముప్పై పేజీలు చూసి నచ్చలేదంటే పక్కన పెట్టనివ్వండి, ఎందుకు నచ్చలేదో మాత్రం వినండి. తర్వాత ఏది ఇవ్వాలో ఆ జవాబులోనే దొరుకుతుంది.