పళ్ల సెట్టు ఇబ్బంది పెడుతోందా? క్లిప్పు పట్టుకున్న పన్నునూ చూడండి

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని గాజువాక చేరేసరికి మా నాన్నగారి పళ్ల సెట్టు గుచ్చుకోవడం మొదలైంది. ఊడిన కొన్ని పళ్ల చోట పెట్టుకుని, మిగిలిన సొంత పళ్లకు క్లిప్పులతో తగిలించే, తీసి పెట్టుకునే రకం అది. సెట్టు వంకరపోయిందని ఆయన తేల్చేశారు. తీసి చూస్తే ప్లేటుకూ చిగురుకూ మధ్య వేరుసెనగ పలుకు!

గుచ్చుకుంటుంటే: సెట్టు తీసి కడిగి, నోరు పుక్కిలించి మళ్లీ పెట్టుకోండి. అప్పటికీ అదే చోట నొప్పి ఉంటే చిగురు ఒరుసుకుపోతున్నట్టే. ఇంట్లో ఆకురాయి పట్టకండి, డాక్టరు చేత సరిచేయించండి.

వాసన, జిగురు: సూక్ష్మజీవుల పొర పేరుకుంది. రోజూ మెత్తని బ్రష్‌తో, రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవంతో తోమి బాగా కడగండి. టూత్‌పేస్టు వద్దు, అది ప్లాస్టిక్‌ను గీరుతుంది, ఆ గీతల్లోనే మురికి చేరుతుంది. సింకులో ముందు తువ్వాలు పరవండి, జారినా విరగదు.

అంగిలి ఎర్రబడితే: రాత్రుళ్లు కూడా సెట్టుతోనే పడుకుంటున్నారా? దాని కింద క్యాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. రాత్రి తీసి, మూత ఉన్న డబ్బాలో మామూలు నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లు పోస్తే క్రిములతో పాటు సెట్టు ఆకారమూ పోతుంది. లోహపు క్లిప్పులుంటే బ్లీచింగ్ ద్రావణం జోలికి వెళ్లకండి, తుప్పు పడుతుంది. నాలుగైదు రోజుల్లో ఎరుపు తగ్గకపోతే, ముఖ్యంగా మధుమేహం ఉంటే, డాక్టరుకు చూపించండి.

గట్టి గార: గోరుతో, కత్తితో గీకవద్దు. క్లినిక్‌లో తీయిస్తారు.

క్లిప్పు వదులైతే: పళ్లతో కొరికి కూర్చోబెట్టే అలవాటే చాలాసార్లు కారణం. వేళ్లతో నొక్కి పెట్టండి, తీసేటప్పుడు రెండు వైపులా పట్టి లాగండి. పట్టకారుతో వంచితే తీగ విరుగుతుంది.

క్లిప్పు పట్టుకున్న పన్ను జివ్వుమంటే: అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. సెట్టు తళతళలాడుతుంది, దాన్ని మోసే పన్ను మాత్రం చిగురు దగ్గర నల్లగా పుచ్చుతుంది. క్లిప్పుకూ పన్నుకూ మధ్య ఇరుక్కున్న పాచే కారణం. సెట్టు తీశాక ఫ్లోరైడ్ పేస్టుతో ఆ పళ్లను ప్రత్యేకంగా తోమండి. పళ్లు ఊడిన ఖాళీ వైపు ఉండే ఆ పన్ను పక్కకు మామూలు బ్రష్ సరిగా అందదు. చిన్న తలకాయ బ్రష్ వాడండి, లేదా తడిపిన గాజ్ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) పట్టీని పన్ను వెనక నుంచి చుట్టి అటూ ఇటూ లాగండి. జివ్వుమనడం మొదలైతే వాయిదా వేయకండి. ఆ పన్ను పోతే సెట్టుకు పట్టే ఉండదు.

ఆరు నెలలకోసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు సెట్టు పెట్టుకునే వెళ్లండి. మా నాన్నగారు మహారాణిపేటలో బస్సు దిగాక గుర్తు చేసుకున్నారు, అది ఇంట్లో డబ్బాలోనే ఉందని.