ఆరుగురు, ఆరు పుస్తకాలు, ఒక సంవత్సరం: రచన గురించిన పుస్తకాలను కలిసి చదువుకొనే పద్ధతి

రచన గురించి చెప్పే పుస్తకాలను తక్కిన పుస్తకాల లాగా చదివితే ప్రయోజనం తక్కువ. నవలను చదివి పక్కన పెట్టేసినా అది మనకు ఇవ్వవలసింది చాలావరకు ఇచ్చే ఉంటుంది. కథను ఎలా నిర్మించాలో, వాక్యాన్ని ఎక్కడ ముగించాలో, వ్యాసాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే పుస్తకం మాత్రం, చదివినవారు కలం పట్టి ఒక పేజీ రాసేంతవరకు సగమే చదివినట్లు. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి ఇలాంటి పుస్తకాలు కొనుక్కొని వెళ్లేవారు చాలామంది ఉంటారు. ఉగాది నాటికి వాటిలో ఎక్కువ భాగం అలమారలోనే ఉండిపోతుంది. ఒంటరిగా చదివేవారికి రాయవలసిన ఒత్తిడి లేకపోవడం దీనికి ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం. ఆ ఒత్తిడిని స్నేహపూర్వకంగా కల్పించుకోవడానికి, సంవత్సరపు చదువు లక్ష్యాన్ని దానితో జోడించడానికి పనికివచ్చే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి చాలా సులభమైనది. ఆరుగురు కలవాలి, ఆరు పుస్తకాలు కొనాలి. ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్కరి దగ్గర రెండు నెలలు ఉండి తరువాతివారికి చేరాలి. సంక్రాంతికి మొదలుపెడితే మార్చి, మే, జూలై, సెప్టెంబరు, నవంబరు నెలల మధ్యలో పుస్తకాలు చేతులు మారతాయి. మళ్లీ సంక్రాంతి వచ్చేసరికి ఆరు పుస్తకాలూ ఆరుగురి చేతుల మీదుగా తిరిగి వస్తాయి. నవంబరులో జరిగే చివరి మార్పిడి, 14వ తేదీ నుంచి 20వ తేదీ వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలోనే పడుతుంది కాబట్టి, ఆ సమావేశాన్ని ఏదైనా గ్రంథాలయంలో పెట్టుకోవడం బాగుంటుంది. ఆరుగురి కంటే ఎక్కువమంది ఆసక్తి చూపితే రెండో బృందాన్ని ఏర్పాటు చేసుకోవడం మంచిది. ఎనిమిది, పదిమంది ఉన్న చోట ఒక్కొక్కరికి పుస్తకం దగ్గర ఉండే కాలం తగ్గిపోతుంది, సమావేశంలో అందరి రాతలనూ వినే వ్యవధి ఉండదు.

పుస్తకాలు చేతులు మారడం ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో విజయవాడలోని రామమోహన గ్రంథాలయం వేదికగానే పుట్టింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమ ఉంది. 1930లలో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి కాలువల మీద పడవలో పుస్తకాలు పంపి, గట్టు పక్కన ఉన్న ఊళ్ల వారికి చదవడానికి అందేలా చేశారు. ఊరూరా పుస్తకాన్ని తిప్పడానికి ఆ పెద్దలు అంత శ్రమపడినప్పుడు, 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడ, గుంటూరుల మధ్య ఒక పుస్తకాన్ని రెండు నెలలకొకసారి చేరవేయడం మనకు కష్టం కాకూడదు. రోజూ ఈ రెండు ఊళ్ల మధ్య బస్సులోనో రైలులోనో ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు బృందంలో ఒకరైనా ఉంటే ఆ పని మరింత తేలిక అవుతుంది.

పుస్తకాల ఎంపిక మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఆరూ ఒకే రకమైనవైతే, అంటే ఆరూ కథ రాయడం గురించినవే అయితే, జూలై నాటికే అందరికీ విసుగు వస్తుంది. ఒకటి కథానిర్మాణం మీద, ఒకటి నవల మీద, ఒకటి భాష మీద, ఒకటి ఇంగ్లీషులో వచన రచన మీద, ఒకటి రచయిత స్వయంగా తన జీవితాన్నీ రచననూ చెప్పుకొన్నది, ఒకటి సభ్యులు తమకు నచ్చినట్లు ఎంచుకొన్నది ఉంటే సంవత్సరం నిండుగా సాగుతుంది. కథ విషయంలో వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’తో మొదలుపెట్టవచ్చు. 1999 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఈ పుస్తకం విమర్శకుడు రాసినది, ఇలా చెయ్యండి అలా చెయ్యండి అని ఆదేశించేది కాదు. అందువల్ల దీన్ని చదివేటప్పుడు పక్కన ఒక మంచి తెలుగు కథల సంపుటం తప్పనిసరిగా ఉండాలి. నవలకు ఆయనదే ‘నవలాశిల్పం’ ఉంది. భాష విషయంలో, వాడుక భాష పేరుతో మనం రాస్తున్నది నిజంగా వాడుక భాషేనా అని నిలదీసే రంగనాయకమ్మ గారి ‘వాడుక భాషే రాస్తున్నామా?’ చర్చకు ఎంతో ఉపయోగపడుతుంది. ఆమె అభిప్రాయాలన్నిటితో అందరూ ఏకీభవించనక్కరలేదు. ఏకీభవించని చోట ఎందుకో చెప్పవలసి రావడమే మంచి సాధన. స్వీయచరిత్రల్లో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ను మించిన ఎంపిక నాకు తోచదు. అది రచనను బోధించే పుస్తకం కాదు, కానీ తెలుగు వాక్యం మాట్లాడే గొంతుతో ఎంత దూరం నడవగలదో దానిలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఇంగ్లీషు పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికన్ రచయిత విలియం జిన్సర్ రాసిన ‘ఆన్ రైటింగ్ వెల్’ 1976లో వచ్చింది. అమెరికన్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ రాసిన ‘ఆన్ రైటింగ్’ 2000లో వచ్చింది. రెండూ చదవదగినవే. జిన్సర్ అనవసరమైన మాటలను నిర్దాక్షిణ్యంగా తీసివెయ్యమంటాడు. రెండో ప్రతి మొదటి ప్రతికంటే పది శాతం చిన్నదిగా ఉండాలన్న సూత్రాన్ని కింగ్ తన పుస్తకంలో చెప్తాడు. ఈ రెండు సలహాలూ ఏ భాషకైనా పనికివస్తాయి. అయితే ఇంగ్లీషు వాక్యం నడక గురించి వారు చెప్పినవన్నీ తెలుగుకు వర్తించవు. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ‘వెళ్లి, చూసి, కొని, తెచ్చి’ వంటి అసమాపక క్రియలతో వాక్యం ఎంత దూరమైనా సాగుతుంది. కర్త ఎవరో, జరిగినదేమిటో తేలేసరికి పాఠకుడు అలసిపోవడం మన వచనంలో తరచుగా కనిపించే లోపం. కాబట్టి ఇంగ్లీషు పుస్తకం వంతు వచ్చినవారు, దానిలోని ఒక్కొక్క సలహాను తమ తెలుగు పేజీ మీద ప్రయోగించి, నిలిచినదేదో, నిలవనిదేదో రాసి పెట్టాలి. ఆరుగురూ రాసిన ఆ అభిప్రాయాలు సంవత్సరాంతానికి తెలుగు వచనం గురించిన ఒక విలువైన చిన్న వ్యాసానికి సరిపోతాయి.

కొనుగోలుకు సాధారణంగా జనవరి తొలి రోజుల్లో మొదలయ్యే పుస్తక మహోత్సవమే అనువైన సమయం. 1989 నుంచి నడుస్తున్న ఈ ప్రదర్శనలో ప్రచురణకర్తలందరూ ఒకే చోట దొరుకుతారు, సాధారణంగా పది శాతం తగ్గింపు కూడా ఉంటుంది. ఆరుగురూ కలిసి వెళ్లి, ప్రతి పుస్తకాన్నీ తెరిచి, ఒక పేజీ నిలబడి చదివి, ఆ తరువాతే కొనాలి. అక్కడ దొరకని వాటి కోసం ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాలనూ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలనూ వెతకవచ్చు. పునర్ముద్రణ లేని పుస్తకమైతే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం వంటి చోట్ల విచారించి, అక్కడే కూర్చుని చదువుకోవాలి. అటువంటి పుస్తకాన్ని తిప్పే జాబితాలో పెట్టకూడదు. అచ్చులో దొరుకుతున్న పుస్తకానికి పీడీఎఫ్‌ను పంచుకోవడం మాత్రం వద్దు. తెలుగులో ఇలాంటి పుస్తకాలు తక్కువ ప్రతులే అచ్చవుతాయి. కొనేవారు లేకపోతే తరువాతి ముద్రణ రాదు.

ఇక లక్ష్యం సంగతి. సంవత్సరానికి యాభై పుస్తకాలు, వంద పుస్తకాలు అని అంకె పెట్టుకోవడం పాఠకుల వెబ్‌సైటు గుడ్‌రీడ్స్ వంటి చోట్ల అలవాటుగా మారింది. అంకె ఉండడంలో తప్పు లేదు, కానీ పుస్తకాల సంఖ్య ఒక్కటే కొలమానమైతే డిసెంబరులో పల్చటి పుస్తకాలు వెతుక్కొనే పరిస్థితి వస్తుంది. పేజీల లెక్క ఇంతకంటే నిజాయితీగా ఉంటుంది. బృందం పుస్తకాలు ఆరు, ఒక్కొక్కటి సుమారు 250 పేజీలు అనుకుంటే 1,500 పేజీలు. వీటికి తోడు ప్రతి ఒక్కరూ తమకు ఇష్టమైన పుస్తకాలు పన్నెండు, ఒక్కొక్కటి 200 పేజీల చొప్పున చదివితే 2,400 పేజీలు. మొత్తం 3,900. పండుగలు, పెళ్లిళ్లు, ప్రయాణాలు, జ్వరాలు పోను సంవత్సరంలో 300 రోజులు చదవగలమనుకుంటే రోజుకు 13 పేజీలు. ఉద్యోగం, ఇల్లు చూసుకొనేవారికి ఇది అందుబాటులో ఉన్న లక్ష్యం, పద్దెనిమిది పుస్తకాలన్నది చిన్న సంఖ్యగా తోచినా సరే.

చదివిన పేజీల పక్కన రాసిన పేజీల లెక్క కూడా ఉండాలి. వారానికి ఒక పేజీ చాలు. రెండు నెలల వంతులో ఎనిమిది పేజీలు అవుతాయి. ఆ ఎనిమిదీ ఆ సమయంలో చేతిలో ఉన్న పుస్తకం నుంచే పుట్టాలి. ‘కథాశిల్పం’ చదివేవారు తమకు నచ్చిన ఒక కథను తీసుకొని, దానిలోని ఒక ఘట్టాన్ని మరో పాత్ర వైపు నుంచి తిరగరాయవచ్చు. భాష గురించిన పుస్తకం వంతు వచ్చినవారు, తాము ఏడాది క్రితం రాసిన ఏదైనా పేజీని, అది ఉత్తరమైనా ఆఫీసు నివేదికైనా సరే, తీసి ‘యొక్క’, ‘మరియు’, ‘చేయబడినది’ వంటివి ఎన్నిచోట్ల ఉన్నాయో గుర్తించి, అవి లేకుండా రాయాలి. స్వీయచరిత్ర చదివేవారు తమ ఇంటి పెద్దల మాటతీరులో ఒక సంఘటన చెప్పి చూడాలి. ఇవి అచ్చుకు పంపడానికి ఉద్దేశించినవి కావు; ఆ ఆలోచన మొదటి నెలల్లోనే వస్తే చేయి బిగుసుకుపోతుంది.

పుస్తకంతో పాటు దానిలోనే ఒక చీటీల కవరు ప్రయాణించాలి. ప్రతి పాఠకుడూ పుస్తకాన్ని అప్పగించే ముందు ఒక చీటీ మీద మూడు విషయాలు రాసి అందులో పెట్టాలి: ఏ పేజీలోని సలహాను ప్రయత్నించారు, దానితో ఏం జరిగింది, ఎక్కడ రచయితతో విభేదించారు. పుస్తకంలో కలంతో గీతలు పెట్టకూడదు. అంచున పెన్సిల్‌తో సన్నని నిలువు గీత ఒకటి గీయడం వల్ల ఇబ్బంది లేదు, పైగా మనకంటే ముందు చదివినవారు ఎక్కడ ఆగారో దానివల్ల తెలుస్తుంది. మొదటి రోజే అందరూ కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసి, లోపలి అట్ట మీద వంతుల పట్టికను అంటించాలి. ఎవరింట్లో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలున్నారో వారికి మార్చి ప్రాంతంలో చిన్న పుస్తకం వచ్చేలా ఆ పట్టికను ముందే సర్దుకోవాలి. మధ్యలో మార్చితే ఎవరో ఒకరికి ఒక పుస్తకం తప్పిపోతుంది.

రెండు నెలలకొకసారి జరిగే సమావేశంలో పుస్తకం సారాంశం చెప్పించవద్దు. సారాంశం చెప్పడం మొదలైతే సాయంత్రమంతా దానికే సరిపోతుంది, పైగా ఆ పుస్తకం అందరి వంతుకూ వచ్చేదే. ఒక్కొక్కరు రాసిన ఎనిమిది పేజీలలో ఒక్కటి చదివించాలి, అదీ పైకి. కంటికి బాగున్నట్లు కనిపించిన తెలుగు వాక్యం నోటితో చదివేటప్పుడు తడబడితే లోపం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ఇక్కడ మన అలవాట్లను దృష్టిలో పెట్టుకొని ఒక ఏర్పాటు చేసుకోవాలి. బృందంలో పదవీ విరమణ చేసిన మాస్టారు, కళాశాలలో చదివే అమ్మాయి కలిసి ఉంటే, మాస్టారి రాతలో లోపం చెప్పడానికి ఆ అమ్మాయి సహజంగానే జంకుతుంది. ఆమె రాతను ఆయన దీవెనతో సరిపెట్టేస్తారు. ఇద్దరికీ నష్టమే. అందువల్ల పేర్లు లేకుండా పేజీలన్నీ టైపు చేయించి, కలిపి, ఒకరి పేజీని మరొకరు చదవాలి. ముందు ఎక్కడ బాగుందో, తరువాత ఎక్కడ ఆగవలసి వచ్చిందో చెప్పాలి. రాసినవారి పేరు చివర చెప్పుకోవచ్చు, చెప్పకపోయినా ఫరవాలేదు.

కలుసుకొనే చోటు నిశ్శబ్దంగా, ఖర్చు లేనిదిగా ఉంటే చాలు. విజయవాడలో పటమటలోని సర్వోత్తమ గ్రంథాలయం వంటి చోట ముందుగా బాధ్యులను అడిగి అనుమతి తీసుకోవచ్చు, లేదా వంతులవారీగా ఇళ్లలో కలుసుకోవచ్చు. మే నెల సమావేశాన్ని సాయంత్రం ఆరు తరువాతే పెట్టాలి. మన ఎండల్లో మధ్యాహ్నం పెద్దవారిని గుంటూరు నుంచి రప్పించడం మంచిది కాదు. వాట్సాప్ గ్రూపును తేదీలు చెప్పుకోవడానికే పరిమితం చేయాలి, ఎందుకంటే చర్చ అక్కడ మొదలైతే ముఖాముఖి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఎవరైనా వంతు పూర్తిచేయలేకపోతే పుస్తకాన్ని వారి దగ్గరే ఆపి ఉంచకూడదు. చదివినంతవరకే చీటీ రాసి, గడువు నాటికి తరువాతివారికి పంపాలి. మిగిలిన పేజీలను జనవరి తొలి వారాల్లో పూర్తిచేసుకోవచ్చు. సభ్యులెవరైనా బదిలీ మీద వెళ్లిపోతే, వారి స్థానంలో వచ్చే కొత్తవారికి ముందుగా కవరులోని చీటీలన్నీ చదివించాలి. సంవత్సరం ముగిశాక ఆరు పుస్తకాలనూ చీట్లు వేసి ఆరుగురూ పంచుకోవచ్చు. అంతకంటే, ఏవైనా రెండింటిని దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి చీటీలతో సహా ఇచ్చి, ఆ స్థానంలో కొత్తగా కొనవలసిన రెండింటి పేర్లను పుస్తక మహోత్సవం మొదలయ్యే లోపే నిర్ణయించుకోవడం నాకు ఎక్కువ నచ్చుతుంది.