మాయలాడి వేషం, నాలుగో పాఠం: వెల్వెట్ నూగు, వీపున వాలే కేప్

సినిమాలో మాయలాడి వేషం కుట్టడం నేర్చుకుంటున్నాం కదా, పోయిన పాఠంలో పన్నెండు కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కల) నల్ల వెల్వెట్ లంగా కుట్టమన్నాను. మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. కుట్టుపని చాలామందిది శుభ్రంగా ఉంది. నడుము పట్టీ తిన్నగా కూర్చుంది, ఘేరు (అడుగు చుట్టుకొలత) సమంగా పడింది. కానీ రెండు తప్పులు మాత్రం ఫొటో తర్వాత ఫొటోలో కనిపించాయి. మొదటిది, నడుము కింద మనిషి కనబడటం లేదు, నల్లటి గొయ్యి కనబడుతోంది. రెండోది, ఒక కలీ ముదురుగా, పక్క కలీ లేతగా, లంగా అంతా గొడుగులా చారలు పడింది. వీటిని సరిచేసుకోకుండా కేప్ మొదలుపెడితే అవే తప్పులు ఇంకా పెద్ద గుడ్డ మీద చేస్తాం. అందుకని ఈ పాఠంలో సగం పాత లెక్కకే పోతుంది.

ముందు నలుపు సంగతి. మన కథలో మాయలాడి పగలు ముదుసలి అవ్వలా కోటలోకి వస్తుంది, రాత్రి యౌవనంతో నిలబడుతుంది. అంటే అసలు రూపం కనిపించే సన్నివేశాలన్నీ చీకట్లోనే: గుహ, కోట వెనక తోట, దివిటీల వెలుగు. చీకటి ముందు నల్ల గుడ్డ, అదీ వెలుగును మింగేసే వెల్వెట్, పై నుంచి కింద దాకా ఒకటే. కెమెరాకి పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. ముఖం, రెండు చేతులు గాల్లో తేలుతాయి. కెమెరామన్ లైటు పెంచితే ముఖం పాలిపోతుంది తప్ప లంగా కనబడదు.

నలుపు అనిపించాలంటే వేషం మొత్తం నల్లగా ఉండకూడదు. మూడు రకాల గుడ్డ కావాలి: వెలుగును మింగేది, కాస్త తిప్పికొట్టేది, బాగా మెరిసేది. నా లెక్క ఇది: వేషంలో సగానికి పైగా మింగే గుడ్డ, పావు వంతు పైచిలుకు ముడి పట్టు, మిగిలిన కొంచెం శాటిన్. శాటిన్ ఎప్పుడూ అంచుల్లోనే ఉండాలి. భుజం అంచు, ముంజేతి అంచు, కేప్ ముందు అంచు. వెనక నుంచి లైటు పడినప్పుడు ఆ అంచులే మనిషి ఆకారాన్ని గీసిపెడతాయి.

రంగులో కూడా పచ్చి నలుపు వద్దు. బచ్చలిపండు రంగు, నేరేడు రంగు, నీలిమందు ముదురు, వీటిలో ఏదో ఒకటి తీసుకుని నల్లరంగులో ఒక్క ముంచు ముంచండి. కంటికి నల్లగానే ఉంటుంది. దివిటీ వెలుగు మడత మీద పడ్డప్పుడు అడుగు రంగు బయటికొస్తుంది. నూలు వాడేచోట, ముఖ్యంగా అవ్వ వేషం పైటకి, కలంకారీ నలుపు చాలా పనికొస్తుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసీంకారం అది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. మిల్లు నలుపులా చదునుగా ఉండదు, కాస్త గోధుమ వేడి ఉంటుంది. పాతబడ్డ అవ్వ చీరకి అంతకన్నా నిజమైన రంగు నాకు దొరకలేదు.

ఇంకొకటి. ఎండలో షూటింగ్ ఉంటే, కెమెరా ముందు దట్టమైన ఎన్‌డీ ఫిల్టరు వేస్తారు. అది మామూలు వెలుగును ఆపుతుంది గానీ, మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ను అంతగా ఆపదు. కొన్ని సింథటిక్ నలుపులు దాన్ని తిప్పికొడతాయి. దాంతో కంటికి నల్లగా ఉన్న జాకెట్టు తెర మీద మెరూన్‌గా వస్తుంది, పక్కన లంగా మాత్రం నల్లగానే ఉంటుంది. గుడ్డ పేరు చూసి ఇది చెప్పలేం, ఫోను ఫొటోలో కూడా సాధారణంగా తేలదు. తాను కొనకముందే గజం ముక్క తెచ్చి, సినిమాకి వాడే కెమెరాతో, అదే ఫిల్టరుతో, ఎండలో పెట్టి చూడాలి.

ఇక రెండో తప్పు, వెల్వెట్ నూగు, అంటే దాని మీది మెత్తటి సన్న పోగులు. దీని గురించి పోయిన పాఠంలో ఒక్క వాక్యమే రాశాను, అది చాలలేదు. ఈసారి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే వెల్వెట్ పాడయ్యేది కుట్టు దగ్గర కాదు, కత్తెర దగ్గర.

వెల్వెట్ మీద నూగు ఒకవైపుకి పడుకుని ఉంటుంది. గుడ్డను బల్ల మీద పరిచి, పొడవు వెంట అరచేతితో నిమరండి. ఒకవైపు పిల్లి వీపు నిమిరినట్టు జారుతుంది. రెండోవైపు చెయ్యి ఎదురు తగులుతుంది. ఇప్పుడు ఆ గుడ్డను గోడకి పిన్నులతో వేలాడదీయండి. పక్కనే అదే తానులోంచి ఇంకో ముక్కను తలకిందులుగా పెట్టండి. ఆరడుగులు వెనక్కి వచ్చి చూడండి. నూగు కిందికి ఉన్న ముక్క లేతగా, మెరుపుగా ఉంటుంది. నూగు పైకి ఉన్నది చిక్కగా, లోతుగా ఉంటుంది. ఒకే తాను, ఒకే రంగు, చూపుకి రెండు గుడ్డలు.

మీ లంగాల్లో జరిగింది ఇదే. నడుము 30 అంగుళాలు, పొడవు 40, కలీలు 12. ఒక్కో కలీ మార్జిన్‌తో కలిపి పైన మూడున్నర, కింద 15 అంగుళాలు. 44 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) కలీలను ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా జొప్పిస్తే పన్నాకి నాలుగు పడతాయి. మూడు పొడవులు చాలు, అంటే మూడున్నర గజాలు. అన్నీ ఒకే దిక్కుకి పెడితే పన్నాకి రెండే పడతాయి. ఆరు పొడవులు కావాలి, ఏడు గజాలు. సరిగ్గా రెట్టింపు. నూలుకీ శాటిన్‌కీ జొప్పించడం అలవాటైన చెయ్యి వెల్వెట్‌కీ అదే చేసింది. మిగిల్చింది మూడున్నర గజాలు, పోయింది లంగా.

కాబట్టి వెల్వెట్ బల్ల మీదికి రాగానే, కత్తెర పట్టకముందు, వెనకవైపు చాక్‌పీసుతో జానెడుకొక బాణం గుర్తు వేయండి, నూగు జారే దిక్కుకి. ప్రతి కలీ కాగితం మీదా అదే బాణం ఉండాలి. నల్ల వేషానికి నూగు పైకి ఉండేలా కోస్తాను నేను. నిమిరితే ఎదురు తగిలే దిక్కు కిందికి వస్తుంది, నలుపు లోతుగా పడుతుంది. అన్నీ కిందికి పెట్టినా తప్పు కాదు, మెరుపు కావాలంటే అలాగే పెట్టండి. కలపడమే తప్పు. రెండు కలీల మధ్య పన్నాలో మిగిలిన త్రిభుజాలు పారేయకండి, వాటి మీదా బాణం వేసి దాచండి. పట్టీలకీ కాలరుకీ వస్తాయి.

కుట్టేటప్పుడు రెండు నూగులు ఎదురెదురుగా వస్తే పై గుడ్డ పాకుతుంది. చివరికి వచ్చేసరికి అర అంగుళం తేడా వస్తుంది. పిన్నులు సరిపోవు. కుట్టు గీతకి అటూ ఇటూ రెండు వరుసలు కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే చేతికుట్టు) వేసి అప్పుడు మిషను ఎక్కించండి. ఇస్త్రీపెట్టె నూగు మీద పెట్టవద్దు. ఇంకో వెల్వెట్ ముక్కను నూగు పైకి పరిచి, దాని మీద మన గుడ్డను బోర్లించి, వెనక నుంచి ఆవిరి మాత్రం పట్టాలి.

ఇప్పటికే చారలు పడ్డ లంగా ఉన్నవాళ్లు దాన్ని విప్పవద్దు. కలీ ఒకవైపు సన్నం, ఒకవైపు వెడల్పు కనుక తిప్పి కుట్టడం కుదరదు. రేయాన్ వెల్వెట్ అయితే లంగా మొత్తాన్ని తడిపి, తాడులా మెలిపెట్టి, మెలి విప్పకుండా పూర్తిగా ఆరనివ్వండి. ముందు ఒక ముక్క మీద చేసి చూసుకోండి. నూగు అన్ని దిక్కులకీ నలిగి, ముదురు లేత తేడా ఆ నలుగులో కలిసిపోతుంది. ముడతల్లో వెలుగు కూడా చిక్కుతుంది కాబట్టి గొయ్యి సమస్య కూడా తగ్గుతుంది. పాలియెస్టర్ వెల్వెట్ ఇలా లొంగదు. దాని మీద నల్ల ఆర్గంజా పొర వేసుకోవడమే దారి.

ఇక కేప్. కొలతలు తీయడం, లైనింగ్ ఎక్కించడం మీకు వచ్చు, వాటి జోలికి వెళ్లను.

ముందు అంచులు కలవని, అర చక్రం ఆకారపు తెరిచిన కేప్ ఇది. ఒక మెడ ఎముక నుంచి, మెడ వెనక మీదుగా, ఇంకో మెడ ఎముక దాకా కొలిస్తే 18 అంగుళాలు అనుకుందాం. అర చక్రానికి లోపలి వ్యాసార్ధం 18ని 3.14తో భాగిస్తే వస్తుంది, ఐదూ ముప్పావు. పొడవు 56 కలిపితే బయటి వ్యాసార్ధం 61¾. అడుగు ఘేరు దాదాపు 194 అంగుళాలు, ఐదు గజాలు దాటుతుంది. పూర్తి చక్రం వద్దు. గుడ్డ రెట్టింపవుతుంది, నడిచేటప్పుడు కాళ్ల మధ్యకి వస్తుంది.

అర చక్రాన్ని ఒకే ముక్కగా కోయాలని పెద్ద పన్నా వెతకవద్దు. వెల్వెట్‌లో అది కుదరదు. తిన్నటి అంచు నూగు వెంట ఉంటే ఒక భుజం ముందు నూగు పైకి, రెండో భుజం ముందు కిందికి పోతుంది. కుడివైపు మాయలాడి చిక్కగా, ఎడమవైపు మాయలాడి లేతగా ఉంటుంది. ఆరు కలీలుగా కోయండి. ఒక్కోటి పైన 3, కింద 32 అంగుళాల పైచిలుకు, దానికి మార్జిన్. ఆరూ నూగు పైకే. 44 పన్నాలో ఒకటే పడుతుంది కనుక పది గజాలు తెచ్చుకోండి.

కుట్టాక రెండు రోజులు హ్యాంగరుకి వేలాడదీసి, ఆ తర్వాతే అడుగు కత్తిరించండి. కలీ అంచులు ఏటవాలుగా ఉంటాయి, సాగుతాయి. ముందే హెమ్మింగ్ చేస్తే కుట్టు దగ్గర కిందికి జారి, అడుగు అలలుగా వస్తుంది.

బరువు లెక్క కూడా చూడండి. గుడ్డ దాదాపు 3.8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 300 గ్రాముల వెల్వెట్ అయితే ఒక్క పై పొరే 1150 గ్రాములు. లైనింగ్, జర్దోసీ అంచు చేరితే రెండు కిలోలు దాటుతుంది. దీన్ని మెడకి కట్టకూడదు. నాలుగడుగులు వేగంగా నడిస్తే కేప్ వెనక్కి లాగి గొంతుకి పడుతుంది, డైలాగు మధ్యలో ఊపిరి ఆగుతుంది. జాకెట్టు లోపల అంగుళంన్నర వెడల్పు కాన్వాసు పట్టీలు పెట్టండి: భుజాల మీదుగా వచ్చి, చంకల కిందుగా పోయి, వీపు మీద దాటేవి. కేప్‌ని రెండు భుజాల దగ్గర పెద్ద హుక్కులతో ఆ పట్టీలకే తగిలించండి. ముందు కనిపించే గొలుసు అలంకారానికే, దాని మీద గ్రాము బరువు పడకూడదు. సింహాసనం సన్నివేశానికి నేల మీద పరుచుకునే తోక కావాలంటే, 30 అంగుళాల ముక్క విడిగా కుట్టి హుక్కులతో తగిలించండి. మెట్ల సన్నివేశంలో అది ఉండకూడదు.

తీగల మీద గాల్లోకి లేపే సన్నివేశం ఉందేమో ముందే కనుక్కోండి. తీగలు సాధారణంగా తుంటి దగ్గర పట్టుకుంటాయి. ఆ చోట లంగాలో, జాకెట్టులో కుట్టు వెంట చీలికలు వదిలి, వాటి మీద మూత పట్టీ పెట్టాలి. డూప్ ఆర్టిస్టు వేషం కూడా అదే తానులోంచి కోయాలి. దివిటీల దగ్గరకి వెళ్లే వేషంలో నైలాన్ నెట్ ఎక్కడా వద్దు. అది కరిగి ఒంటికి అంటుకుంటుంది.

కాలరు విషయంలో నా ఇష్టం చెబుతాను. గుడ్డకి బక్రం (లోపల పెట్టే గట్టి గుడ్డ) పెట్టి నిలబెట్టిన కాలరు నాకు నచ్చదు, వెనక లైటు పడితే నల్ల అట్టలా ఉంటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలును వెలుగు దూరేంత పలచగా తీసి, చిన్న ఉలులతో చిల్లులు కొట్టి నగలు చూపిస్తారు. తెర వెనక దీపం ఆ చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వస్తుంది. మాయలాడి తల వెనక పన్నెండు అంగుళాల ఎత్తున అలాంటి తోలు నిలబెట్టి, వెనక నుంచి లైటు పెట్టండి. ముదురు తేనె రంగులో తోలు వెలుగుతుంది, చిల్లులు తెల్లగా మెరుస్తాయి, నల్ల వేషం మొత్తానికి ఆ ఒక్క చోట ప్రాణం వస్తుంది. చిల్లులు బియ్యపుగింజ కన్నా సన్నగా ఉంటే దూరపు షాటులో పోతాయి. బఠాణీ అంత ఉంటే జల్లెడలా ఉంటుంది. రెంటి మధ్య కొట్టించండి. తోలుకి తడి పనికిరాదు. వాన సన్నివేశంలో మెత్తబడి వంగిపోతుంది, ఆరితే మెలి తిరుగుతుంది. అలాంటి రోజుకి అదే నమూనాలో పలచటి ప్లాస్టిక్ షీటుతో రెండోది ఉంచుకోండి. మెడకి తగిలే అంచుకి నూలు పట్టీ కుట్టాలి, లేకపోతే చెమటకే పాడవుతుంది.

అవ్వ వేషానికీ ఈ వేషానికీ ఒక్క గుర్తు ఉమ్మడిగా ఉండాలి. కాలరు మీది చిల్లుల నమూనాలోంచి ఒక్క పువ్వు తీసి, అవ్వ పైటకొంగు మూల కలంకారీ నలుపుతో వేయించండి. రూపం మారేటప్పుడు కెమెరా కొంగు మీంచి కాలరుకి పోవచ్చు. ఇది దర్శకుడితో ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి.

అభ్యాసం. వచ్చే పాఠం లోపు రెండు పనులు చేయండి. మొదటిది, వెల్వెట్ రెండు దిక్కులా, ముడి పట్టు, శాటిన్, బచ్చలిపండు మీద నలుపు ముంచినది, ఈ ఐదు ముక్కలు తొమ్మిదేసి అంగుళాలవి తీసుకుని, నల్ల దుప్పటి ముందు వేలాడదీసి, గది చీకటి చేసి, వెనక పక్క నుంచి ఒక్కటే దీపం పెట్టి ఫొటో తీయండి. దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఏ రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయో రాసుకోండి, ఆ రెండూ మీ వేషంలో పక్కపక్కన రాకూడదు. రెండోది కష్టం: కేప్‌ని నాలుగో వంతు సైజులో, బయటి వ్యాసార్ధం పదిహేనున్నర అంగుళాలుగా, ఆరు కలీలతో, నిజమైన వెల్వెట్ ముక్కల మీదే కుట్టండి. పోయిన లంగాలో మిగిలిన త్రిభుజాలు పనికొస్తాయి. బొమ్మకి తగిలించి, ఫోనులో స్లో మోషన్ పెట్టి, ఫ్యాను ముందు తిప్పుతూ వీడియో తీయండి. కలీల మధ్య ముదురు లేత తేడా ఒక్క ఫ్రేములో కనబడినా, ఏ కలీ తిరగబడిందో బాణం చూసి పట్టుకుని, ఆ ఒక్కదాన్ని మార్చి మళ్లీ తీయండి.