జకాత్: లెక్క తప్పకుండా, తీసుకునేవారి తల వంచకుండా

జకాత్ అంటే స్తోమత ఉన్న ముస్లింలు ఏటా పేదలకు తప్పక ఇవ్వవలసిన సొమ్ము. అది దానం కాదు, బాకీ. విశ్వాసుల సొమ్ములో అడిగేవారికీ, లేమిలో ఉన్నవారికీ హక్కుందని ఖురాన్‌లో జారియాత్ సూరా (అధ్యాయం) 19వ ఆయత్ (వాక్యం) అంటుంది. బాకీ అన్నాక లెక్క ఉండాలి. రంజాన్‌లో చేతికొచ్చిన నోట్లు పంచేస్తే అది తీరదు.

ముందు తేదీ. మీ సొమ్ము నిసాబ్‌కు, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస మొత్తానికి, చేరిన హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన) తేదీ రాసిపెట్టుకోండి, ఏటా ఆ రోజే లెక్క. హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులే కాబట్టి ఇంగ్లీషు క్యాలెండర్ పట్టుకుంటే ఏటా 11 రోజులు వెనకబడతారు, 33 ఏళ్లలో ఒక ఏడాది జకాత్ ఎగిరిపోతుంది.

ఆ నిసాబ్ ఎంతంటే ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇది 10 గ్రాముల తులం కాదు, 11.664 గ్రాముల పాత తులం. అంటే బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. నగదుకు, కలగలిపిన ఆస్తికి హనఫీ మజ్‌హబ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ఉలమాలు, అంటే పండితులు, ఎక్కువగా వెండినే కొలతగా తీసుకుంటారు. పేదలకు మేలు చేసేదీ అదే.

నగదు, బంగారం, వెండి, అమ్మకపు సరుకు, రావలసిన బాకీలు కలపండి. ఇప్పుడు కట్టవలసిన అప్పు తీసేయండి. మిగిలినదాన్ని 40తో భాగించండి. చేతిలో 2,00,000, రావలసింది 50,000, అప్పు 30,000 అయితే మిగిలేది 2,20,000, జకాత్ 5,500. సరుకుకు కొన్న ధర కాదు, ఆ రోజు అమ్ముడుపోయే ధర వేయాలి. ఉంటున్న ఇల్లు, వాడుకునే బండి, పనిముట్లు లెక్కలోకి రావు. ఒంటిమీది నగలు హనఫీల దగ్గర వస్తాయి, మిగతా మజ్‌హబ్‌లలో ఎక్కువమంది దగ్గర రావు.

ఎవరికివ్వాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కన్నవారికి, కన్నబిడ్డలకు చెల్లదు. వాళ్ల పోషణ ఎలాగూ మీ బాధ్యతే. అవసరంలో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్తలకు ఇవ్వొచ్చు, వాళ్లనే ముందు చూడండి. మసీదు కట్టడానికి, కఫన్‌కు (శవవస్త్రానికి) వాడితే తీరదని ఎక్కువమంది ఫఖీహుల (ధర్మశాస్త్ర పండితుల) మాట. సొమ్ము పేదవాడి సొంతం కావాలి. రావలసిన అప్పు వదిలేసి దాన్ని జకాత్ కింద రాసుకోవడమూ అలాగే చెల్లదు.

ఇచ్చే చేతి విషయం మరీ ముఖ్యం. నియ్యత్ (జకాత్ ఇస్తున్నానన్న సంకల్పం) డబ్బు వేరు చేసేటప్పుడో, ఇచ్చేటప్పుడో మీ మనసులో ఉంటే చాలు. ‘ఇది జకాత్’ అని తీసుకునేవారితో అనక్కర్లేదు. మూసిన కవరు, ఇంటి గుమ్మం దగ్గర, పక్కన ఎవరూ లేని వేళ. ఫోటో వద్దు. ఎత్తిపొడుపు, మనసు నొప్పించడం సదఖాను (దానాన్ని) వ్యర్థం చేస్తాయని బఖరా సూరా 264వ ఆయత్. బియ్యం మూటతో బడి ఫీజు కట్టలేరు, అందుకే సాధారణంగా నగదే మేలు. వందమందికి చిల్లర విదిలించేకన్నా ఒక ఇంటికి కుట్టుమిషను వచ్చేంత ఇస్తే, వచ్చే ఏడు ఆ ఇల్లు చెయ్యి చాపకపోవచ్చు.

ఫిత్రా, అంటే రంజాన్ ముగింపులో పేదలకిచ్చేది, వేరే లెక్క: తలకో సా (పాత కొలత) ధాన్యం, ఈద్ నమాజ్‌కు ముందే చేరాలి. నమాజ్ దాటాక ఇస్తే మామూలు సదఖా కిందికి వస్తుందని హదీసు. కాబట్టి ఒకట్రెండు రోజుల ముందే అందించండి, వాళ్లింట్లోనూ పండగ పొయ్యి వేళకు వెలగాలిగా.