లినక్స్‌లో ఏఎండీ ప్రాసెసర్ వేడి తప్పుగా చూపిస్తోందా? థర్మల్ పేస్టు మార్చే ముందు 19వ బిట్ చూడండి

అసలు రీడింగే రాకపోతే: ముందు వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) లోపల ఉన్నారేమో చూసుకోండి. అక్కడ ప్రాసెసర్ వేడిని కొలిచే సెన్సర్ సాధారణంగా కనిపించదు. అసలు యంత్రం మీదే అయితే, ప్రాసెసర్‌ను గుర్తించే పీసీఐ సంఖ్య, ఏఎండీ ప్రాసెసర్ల వేడిని చదివే లినక్స్ డ్రైవర్ కె10టెంప్ పట్టికలో ఉండకపోవచ్చు. కొత్త కెర్నల్ (డ్రైవర్లు ఉండే లినక్స్ మూల భాగం) వేయండి, లేదా ఆ సంఖ్యను పట్టికలో చేర్చండి. 45000 అని వస్తే కంగారు పడకండి, అది మిల్లీడిగ్రీలలో 45 డిగ్రీలు.

ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్న యంత్రం 89 డిగ్రీలు చూపిస్తే: నెల్లూరులో రోహిణి కార్తెలో ఈ అంకె చూసిన వాళ్లందరూ ఎండనే తప్పుపడతారు. గది వేడి వల్లే అనుకుని ప్రాసెసర్ మీద పూసే పేస్టు మారుస్తారు, ఫ్యాను మారుస్తారు. అంకె తగ్గదు. చల్లటి ఊళ్లో వెంటనే అనుమానం వచ్చే ఈ తప్పు, మన ఎండల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

దయచేసి ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. రాత్రంతా యంత్రాన్ని ఆపి ఉంచండి. పొద్దున ఆన్ చేయగానే మొదటి రీడింగ్‌ను గది థర్మామీటరుతో పోల్చండి. బూట్ అవడం వల్ల కొంత వేడెక్కడం సహజమే. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) చేతికి చల్లగా తగులుతుండగానే యాభై, అరవై డిగ్రీల తేడా ఉంటే అది వేడి కాదు, లెక్క తప్పు.

ఏఎండీ జెన్ తరం ప్రాసెసర్లలో (రైజెన్ వంటివి) ఉష్ణోగ్రత, రిజిస్టర్ అనే చిప్ లోపలి చిన్న గడిలో, పై 11 బిట్లలో ఉంటుంది, ఒక్కో మెట్టు 0.125 డిగ్రీ. అక్కడ 712 ఉంటే 89 డిగ్రీలు. అయితే అదే రిజిస్టర్‌లో 19వ బిట్ (సున్నా నుంచి లెక్కిస్తే) 1గా ఉంటే కొలమానం సున్నా నుంచి కాక మైనస్ 49 నుంచి మొదలవుతుంది, కాబట్టి అసలు వేడి 40. డ్రైవర్ రాసేవారు ఈ బిట్‌ను వదిలేస్తే ప్రతి రీడింగూ సరిగ్గా 49 ఎక్కువ వస్తుంది. 17, 16 బిట్లు రెండూ 1గా ఉన్నా అంతే తీసివేయాలి. మోడల్ పేరు చూసి తీసివేయవద్దు, బిట్ చదివి తీసివేయండి. ఫలితాన్ని మైనస్ గుర్తునూ పట్టగల (సైన్డ్) పూర్ణాంకంలోనే ఉంచండి, లేకపోతే సున్నా కిందకు వెళ్లినప్పుడు అంకె కోట్లలోకి ఎగిరిపోతుంది.

తేడా 49 కాకుండా 20 ఉంటే సంగతి వేరు. రైజెన్ 1600ఎక్స్, 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో ఫ్యాను కోసం ఇచ్చే విలువ కావాలనే 20 ఎక్కువ, 2700ఎక్స్‌లో 10. వీటికి మాత్రం పేరుతో సరిపోల్చే పట్టికే ఆధారం.

ఫ్యామిలీ 10హెచ్ అనే పాత ఏఎండీ తరంలో, సాకెట్ ఎఫ్, ఏఎం2+ అనే సాకెట్లలో కూర్చునే చిప్పుల సెన్సరే నమ్మదగినది కాదు, డ్రైవర్‌ను బలవంతంగా లోడ్ చేసినా ప్రయోజనం లేదు. ఇంటెల్ సెన్సర్ గరిష్ఠ పరిమితికి ఎంత దూరంలో ఉందో చెబుతుంది. పాత కోర్ 2 చిప్పుల్లో ఆ పరిమితిని డ్రైవర్ ఊహించాల్సి వస్తే అంకెలన్నీ ఒకే మొత్తంలో పైకో కిందికో జరిగిపోతాయి.