తలంబ్రాల వేళ లైవ్ ఆగకూడదంటే

ఒంటిమిట్ట కల్యాణం లైవ్‌ను కడపలో సొంత సర్వర్ మీద ఇచ్చేవాళ్లు ముందు లెక్క వేసుకోండి. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ అయితే 80నే నమ్మండి. 720పీకి మనిషికి 2.5 చొప్పున 32 మందే. ఆపైన రానిస్తూ పోతే కొత్తవాళ్లకే కాదు, సరిగ్గా తలంబ్రాలప్పుడు అందరి ఫోన్లలోనూ చక్రం తిరుగుతుంది.

అందుకే 32 దాకా ఆగకుండా, 720పీలో 25 మంది నిండగానే తర్వాతివాళ్లకు 1 ఎంబీపీఎస్ 480పీ ఇవ్వండి, ఇంకో 17 మంది పడతారు. వాళ్ల ప్లేలిస్టులో, అంటే ప్లేయర్ ముందుగా అడిగి తెచ్చుకునే వీడియో జాబితాలో, 720పీ వరుస అసలు ఉండకూడదు. ఉంటే ప్లేయర్ తనంతట తానే పైకెక్కేస్తుంది. 43వ మనిషిని ప్లేలిస్టు అడిగినప్పుడే 503తో (‘సర్వర్ ఖాళీ లేదు’ అనే జవాబుతో) ఆపండి. వీడియో ముక్కల దగ్గర ఆపితే చూస్తున్నవాళ్లకే తెగిపోతుంది. వీడియోను ఇలా ముక్కలుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్‌ పద్ధతిలో మనిషి వెళ్లిపోయినా సర్వర్‌కు తెలియదు, 30 సెకన్లు ముక్క అడగకపోతే ఆ చోటు ఖాళీ అనుకోండి.