చలికాలంలో బాతుల ఊపిరికి జాగ్రత్తలు

కార్తీకంలో మంచు మొదలవగానే చాలామంది బాతుల గూటి చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ హాని అక్కడే మొదలవుతుంది. ఒళ్లంతా ఈకలు, వాటి కింద నూగు ఉన్న పెద్ద బాతు మన చలిని బాగానే తట్టుకుంటుంది. తట్టుకోలేనిది తడి, కదలని గాలి. బాతు రెట్టలో నీరు ఎక్కువ. మూసిన గూట్లో దాన్నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు రాత్రంతా ముక్కునీ ఊపిరితిత్తులనీ దెబ్బతీస్తుంది. ఆ తర్వాత ఏ సూక్ష్మజీవైనా తేలిగ్గా పట్టేస్తుంది.

పొద్దున్నే తలుపు తీసి, బాతు తల ఎత్తుకి వంగి వాసన చూడండి. మీ కళ్లు మండితే పరుపు వెంటనే మార్చాలి. చూరు కింద జానెడు సందు వదలండి, గాలి మాత్రం నేరుగా బాతుల మీద కొట్టకూడదు.

పరుపుకి పొడి ఊక మంచిది. వానకి తడిసి బూజుపట్టిన వరిగడ్డి వద్దే వద్దు. ఆ బూజు ఊపిరితిత్తుల్లో పెరిగితే యాంటీబయాటిక్స్ పనిచేయవు, చాలాసార్లు ప్రాణం దక్కదు. ఉండకట్టిన తవుడు, బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క కూడా పారేయండి.

బాతు తన ముక్కుని తనే కడుక్కుంటుంది. కళ్ల దాకా తల ముంచేంత లోతు తొట్టి గూటి బయట పెట్టి, నీళ్లు రోజూ మార్చండి. పొడి తవుడు ముక్కు రంధ్రాల్లో గట్టిపడుతుంది కాబట్టి తడిపి పెట్టండి.

మగబాతు గొంతు సహజంగానే బొంగురు, దానికి కంగారుపడొద్దు. ఆడబాతు గొంతు ఉన్నట్టుండి పోయినా, ముక్కు కారినా, కంట్లో నురగ వచ్చినా, ఊపిరితో పాటు తోక ఊగినా, నోరు తెరిచి ఎగపోస్తున్నా ఆలస్యం చేయకండి. విడిగా, వెచ్చగా ఉంచి, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన దూదితో ముక్కు తుడిచి, పశువైద్యుడికి చూపించండి. ఎత్తుకునేటప్పుడు రొమ్ము నొక్కొద్దు. పక్షికి ఆ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. నోట్లో మందు గుమ్మరించొద్దు, శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. సాంబ్రాణి పొగ, దోమల చక్రాలు దగ్గరికి రానివ్వకండి. కోళ్లకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సొంతంగా వేయొద్దు. డాక్టరు మందు రాస్తే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడగండి.

కొల్లేరుకీ నేలపట్టుకీ వలస పక్షులు వచ్చేదీ ఈ కాలమే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ వైరస్ వలస పక్షుల నుంచి చెరువుల్లో బాతులకి అంటొచ్చు, బాతులు పైకి బాగానే ఉంటూ దాన్ని మోయగలవు. అందుకే ఈ నెలల్లో వాటిని చెరువుకి తోలకండి, రెట్ట ఎత్తేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. ఒక్కసారిగా రెండు మూడు చనిపోయినా, మెడలు తిప్పుతున్నా వట్టి చేతులతో ముట్టుకోవద్దు, కోయొద్దు, కాలవలో పడేయొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి వెంటనే పశువైద్యశాలకి గానీ పశువైద్య సేవల ఫోన్ నంబరు 1962కి గానీ చెప్పండి.